ఎలివేషన్‌తో పాటు ప్లాన్ కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త గ్రంథాలయమో, ఇళ్ల సముదాయమో వస్తోందన్నప్పుడు పత్రికల్లో పడే బొమ్మ దాదాపు ఎప్పుడూ ఎలివేషన్‌దే, అంటే బయటినుంచి కనిపించే భవనం ముఖానిదే. దాని కింద "స్థానిక సంస్కృతి ఉట్టిపడేలా" అని ఒక వాక్యం. ఆ సంస్కృతి ఎక్కడుందా అని వెతికితే ఏ తోరణంలోనో, గోడకు బిగించిన జాలీలోనో, పాతకాలపు కప్పును తలపించే ఆకారంలోనో కనిపిస్తుంది. భవనాలు గీయడం, కట్టించడం, వీధులు కొలవడం మా వృత్తి. మేం ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. మనుషుల గుర్తింపులో భవనం ముఖానికి ఎక్కేది చాలా తక్కువ. తలుపు తెరిస్తే వీధికి ఏం కనిపిస్తుంది, ఒక మెట్లదారిని ఎన్ని కుటుంబాలు పంచుకుంటాయి, బయట కూర్చునే చోటు ఎవరికి దక్కుతుంది అన్నవి ప్లాన్‌లోనూ (పైనుంచి చూసినట్టు గీసే గదుల పటం), సెక్షన్‌లోనూ (భవనాన్ని నిలువునా కోసినట్టు గీసే పటం) తేలిపోతాయి. ఎలివేషన్ గీసే వేళకు అసలు నిర్ణయాలు అయిపోయి ఉంటాయి.

జాలీ సంగతే చూడండి. కైరో పాత ఇళ్లలోని మష్రబియా అన్నది తరిణె (లేత్) పట్టిన సన్నటి కర్ర కడ్డీలతో అల్లిన కిటికీ. కంటి ఎత్తులో కడ్డీలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ సందులు పెద్దవవుతాయి. కింద చాటు, పైన వెలుతురు, గాలి. కడ్డీ గుండ్రంగా ఉండటానికీ కారణముంది. ఎండ దాని వంపు మీద పడి వెలుగు నుంచి నీడకు మెల్లగా దిగుతుంది, లోపలున్నవాళ్ల కంటికి మిరుమిట్లు ఉండవు. కర్ర రాత్రి గాలిలో తేమ పీల్చుకుని పగటి ఎండకు వదులుతుంది. ఇప్పుడు దాని పేరు మీద పెడుతున్నది 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. లేజర్‌తో కోసిన రంధ్రాలు అడుగు నుంచి పైదాకా ఒకటే కొలత. రేకు అంచు పదునుగా ఉంటుంది కాబట్టి రంధ్రంలో తీవ్రమైన వెలుగు, పక్కనే చీకటి. కళ్లు అలిసిపోయి జనం లోపల కర్టెన్ వేసుకుంటారు, పట్టపగలు లైటు వేసుకుంటారు. ఇంకో తప్పు బిగింపులో జరుగుతుంది. అల్యూమినియం ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 3 మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాలో సుమారు 2.8 మిల్లీమీటర్లు సాగుతుంది. బోల్టు రంధ్రాలు ఒకవైపు పొడుగ్గా వదలకుండా అన్నీ గుండ్రంగా కొట్టి బిగిస్తే రేకు ఉబ్బుతుంది, గాలికి గడగడలాడుతుంది.

యంత్రంతో చేసినా కష్టమే. పారిస్‌లోని అరబ్ ప్రపంచ సంస్థ భవనం 1987లో పూర్తయింది. ఆర్కిటెక్ట్ జాఁ నువెల్ దాని దక్షిణపు గోడకు 240 పలకలు పెట్టారు. ఎండను బట్టి కెమెరా కన్నులా తెరుచుకుని మూసుకునే రంధ్రాలు వాటి నిండా ఉన్నాయి. చూడ్డానికి అద్భుతం. కానీ కదిలే భాగాలు అన్ని ఉంటే నిర్వహణ కూడా అంతే ఉండాలి. అవి మొరాయించి, చాలాకాలం తర్వాత బాగుచేయించాల్సి వచ్చింది.

మష్రబియా పనితీరును వివరంగా రాసిపెట్టిన ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ అనుభవం ఇంకా లోతైనది. 1945లో లక్సర్ దగ్గర ప్రాచీన సమాధుల మీద ఇళ్లు కట్టుకుని ఉంటున్న గుర్నా గ్రామస్థుల కోసం ఆయన కొత్త ఊరు మొదలుపెట్టారు. పచ్చి ఇటుక, సెంట్రింగ్ చెక్కలు లేకుండా లేపే నూబియా పద్ధతి వంపు కప్పులు, ప్రతి ఇంటికీ లోపలి ముంగిలి. పనితనంలో వంక పెట్టలేం. అయినా ఎక్కువమంది అక్కడికి వెళ్లలేదు. వాళ్ల బతుకుతెరువు ఆ సమాధుల దగ్గరే ఉంది. పైగా ఆ గుమ్మటాల పద్ధతి దక్షిణాన ఉన్న నూబియాది, గుర్నాది కాదు. స్థానికత మీద అంత ప్రేమ ఉన్న మనిషే ఆ ఊరివాళ్ల గుర్తింపు వాళ్ల జీవనోపాధిలో ఉందన్నది దాటిపోయారంటే మిగతావాళ్లం ఎంత జాగ్రత్తగా ఉండాలో మీరే ఆలోచించండి.

బయటికి ఏమీ కనిపించకుండా గుర్తింపు ఊరిని మలిచిన ఉదాహరణ న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లో ఉంది. యూదు మతాచారం ప్రకారం విశ్రాంతి దినాన ఇంటి హద్దు దాటి వస్తువులు మోయకూడదు. పసిపిల్లల బండి కూడా తొయ్యకూడదు. అందుకని వీధి స్తంభాల మీదుగా తీగ లాగి, ఒక పెద్ద ప్రాంతాన్ని ఒకే ఇంటి ప్రాంగణంగా లెక్కించే ఏర్పాటు చేసుకున్నారు. దాన్ని ఎరువ్ అంటారు. తీగ, దాని కింది స్తంభం కలిసి తలుపు చట్రంలాగా ఉండాలి. తీగ స్తంభం తల మీదుగా పోవాలి, పక్కన కొట్టిన మేకుకు కడితే చెల్లదు. విద్యుత్ స్తంభాలకు తీగలు పక్కనుంచే పోతాయి కాబట్టి తీగకు సరిగ్గా కింద స్తంభం వెంట ఒక సన్నటి పట్టీ బిగిస్తారు. చట్రానికి నిలువు కమ్మీ అదే. గాలివానకో, కొత్త భవనం క్రేన్ తగిలో ఒక్కచోట తెగినా మొత్తం వలయం చెల్లదు. అందుకే వారం వారం చుట్టూ తిరిగి చూసి, తెగితే విశ్రాంతి దినం లోపే అతుకుతారు. దారిన పోయేవాడికి ఆ తీగ కనపడనే కనపడదు. పిల్లల తల్లికి మాత్రం ఆ రోజు వీధి ఉంటుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

గుర్తింపు అనగానే మతం, భాష, జాతి దగ్గరే ఆగిపోతాం. బధిరుల సంగతి చూడండి. వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయంలో 2005 నుంచి ఆర్కిటెక్ట్ హాన్సెల్ బౌమన్‌తో కలిసి బధిరులే తమ భవనాల లెక్కలు తేల్చుకున్నారు. సైగలతో మాట్లాడుకుంటూ నడిచే ఇద్దరు ఒకరినొకరు చూసుకోవాలి, దారినీ చూసుకోవాలి. ఇరుకు నడవాలో ఒకరి వెనక ఒకరు నడిస్తే మాట తెగిపోతుంది. నడవా మలుపు దగ్గర గోడ మూల పదునుగా ఉంటే ఎదురొచ్చే మనిషి కనపడడు, అడుగుల చప్పుడూ వాళ్లకు వినపడదు, ఢీకొంటారు. అందుకే మూలను కోసేయాలి, లేదా అద్దం పెట్టాలి. చేత్తో తోసే తలుపు కంటే దానంతటది తెరుచుకునే తలుపు మేలు, ఎందుకంటే తలుపు తోసే చెయ్యే మాట్లాడే చెయ్యి. మాట్లాడేవాళ్ల వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. గోడలకు చర్మపు రంగుల మీద స్పష్టంగా తేలే నీలం, ఆకుపచ్చ ఛాయలు వేస్తారు. ఇందులో ఒక్కటీ ఎలివేషన్‌లో కనిపించదు.

వియన్నాలో 1990లలో పార్కులను గమనించినప్పుడు పదేళ్లు వచ్చేసరికి ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని తేలింది. ఆటస్థలానికి చుట్టూ కంచె, ఒకే గుమ్మం. ఆ గుమ్మం దగ్గర మగపిల్లల గుంపు నిలబడితే లోపలికి వెళ్లేదారి మూసుకుపోయినట్టే. కంచెకు మరిన్ని దారులు తెరిచారు, ఒకే పెద్ద మైదానాన్ని చిన్న చిన్న చోట్లుగా విడగొట్టారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. అదే నగరంలో నలుగురు మహిళా ఆర్కిటెక్టులు గీసిన 357 ఇళ్ల సముదాయం 1997లో పూర్తయింది. అక్కడ మెట్లదారికి పగటి వెలుతురు ఉంది, అంతస్తు అంతస్తుకూ పిల్లల బండ్లు పెట్టుకునే గది ఉంది.

ముఖానికి అసలు విలువే లేదని మేం అనడం లేదు. 1944లో నాజీలు పనిగట్టుకుని కూల్చేసిన వార్సా పాతపట్టణాన్ని యుద్ధం తర్వాత పాత చిత్రాలనూ, వాస్తుశిల్ప విద్యార్థులు యుద్ధానికి ముందు కొలిచి గీసిన పటాలనూ దగ్గర పెట్టుకుని మళ్లీ కట్టారు. యునెస్కో దాన్ని 1980లో వారసత్వ జాబితాలో చేర్చింది. జ్ఞాపకాన్ని తుడిచేయాలని చూసినచోట ముఖభాగాన్ని తిరిగి నిలబెట్టడం న్యాయం. అక్కడ కూడా ముఖాల వెనకాల ఇళ్లను కొత్త కుటుంబాలకు తగ్గట్టు మార్చారు.

ఇక ప్లాన్ మనుషులను విడగొట్టనూ గలదు, కలపనూ గలదు. చండీగఢ్‌లో మొదట ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లను హోదాను బట్టి 13 తరగతులుగా గీశారు. ఎవరు ఏ వీధిలో ఉంటారో జీతం చూసి చెప్పేయవచ్చు. సింగపూర్ 1989లో ప్రభుత్వ గృహాల్లో ఒక్కో బ్లాకులో ఒక్కో జాతివారు ఇంతకు మించకూడదని హద్దు పెట్టింది. దానివల్ల కలిసి ఉండటం వచ్చింది, ఇబ్బందీ వచ్చింది. ఒక జాతి కోటా నిండిన బ్లాకులో తక్కువ సంఖ్యలో ఉన్నవారు ఇల్లు అమ్ముకోవాలంటే ఆ జాతివారికి అమ్మడానికి వీల్లేదు, కొనేవాళ్లు తగ్గిపోతారు. మా దృష్టిలో ఆ కోటా కంటే అక్కడి బ్లాకుల కింద ఖాళీగా వదిలిన స్తంభాల అంతస్తు గొప్పది. మలయ్‌ల పెళ్లి విందు, చైనీయుల అంత్యక్రియల పందిరి, మామూలు రోజున ముసలివాళ్ల చదరంగం, అన్నీ ఒకే నేల మీద జరుగుతాయి.

గుర్తింపులు ఒకదానితో ఒకటి తగువుపడే చోట కొలత టేపే తీర్పు చెప్పాలి. ఉత్తర ఆఫ్రికా పాత నగరాల్లో గుమ్మం దాటగానే దారి మలుపు తిరుగుతుంది, వీధివాళ్లకు ముంగిలి కనపడదు. ఆ పద్ధతి కావాలనుకునేవారు కొత్త ఇంట్లో 1 మీటరు వెడల్పుతో మలుపు గీస్తే, 2 మీటర్ల పొడవు, 55 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న స్ట్రెచర్ అందులో తిరగదు. 1.2 మీటర్లు పెడితే తిరుగుతుంది. చక్రాల కుర్చీ తిరగాలంటే మలుపు దగ్గర 1.5 మీటర్ల చదరం వదలాలి. చాటు కావాలన్న కోరికా, జబ్బుపడ్డ మనిషి హక్కూ రెండూ ఆ కొద్ది సెంటీమీటర్ల తేడాలో ఇమిడిపోతాయి.

ఇవన్నీ తెలుసుకునే దారి ఒక్కటే, గీయకముందు చూడటం. కనీసం ఒక వారం, రోజుకు నాలుగు వేళల్లో స్థలం పటం మీద గుర్తులు పెట్టాలి. ఎవరు నిలబడ్డారు, ఎంతసేపు, చేతిలో బండి ఉందా, కర్ర ఉందా. నడిచి వెళ్లినవాళ్లను మాత్రమే లెక్కపెడితే అసలు సంగతి జారిపోతుంది, ఆగినవాళ్లను లెక్కించాలి. "మీకు ఏ శైలి ఇష్టం?" అని అడిగితే సినిమాలో చూసింది చెబుతారు. "మీ ఇంట్లో బయటివాళ్లకు ఏది కనపడకూడదు, ఇరుగుపొరుగుతో ఎక్కడ నిలబడి మాట్లాడతారు?" అని అడగాలి. పెద్దమనిషి ఒక్కడినే అడిగి సంఘమంతా అదే అనుకోవడం తరచూ జరిగే తప్పు. పనివేళల్లో సమావేశం పెట్టడం ఇంకొకటి. తర్వాత వీధిలో నిలబడ్డ మనిషి కన్ను 1.5 మీటర్ల ఎత్తున ఉందనుకుని సెక్షన్ మీద గీత లాగితే గుమ్మంలోంచి ఎంత లోపలికి చూపు పోతుందో తెలిసిపోతుంది. చివరగా ఖాళీ స్థలంలో సుద్దతో అసలు కొలతకే గీసి, ఉండబోయేవాళ్లను అందులో నడిపించాలి.

మీ పత్రికకు మా విన్నపం చిన్నది. భవనం బొమ్మ వేసినప్పుడల్లా కింది అంతస్తు ప్లాన్ ఒకటి, సెక్షన్ ఒకటి పక్కన వేయండి. 10 సెంటీమీటర్ల వెడల్పు చోటుంటే 1:200 స్కేలులో 20 మీటర్ల భవనం, 1:400లో 40 మీటర్ల భవనం పడుతుంది. స్కేలు గీత, ఉత్తర దిక్కు, వీధి ఎటుందో గుర్తు ఉంటే చాలు. విలేకరులు ఆర్కిటెక్టును మూడు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది. ఈ గుమ్మంలోంచి రోజూ ఎవరు వస్తారు? ఎవరినైనా అడిగారా, ఎవరిని? మీటరున్నర నడవాలో ఇద్దరు ఆగి మాట్లాడుకుంటే మూడోమనిషి ఎటు వెళ్లాలి?

ఇట్లు,
భవన నిర్మాణ, నగర ప్రణాళిక రంగాల్లో పనిచేస్తున్న కొందరం