సూర్యలంకలో సోమవారం

సంపాదకులకు నమస్కారం.

సూర్యలంక అనగానే గుంటూరు, విజయవాడ వాసులకు ఆదివారపు రద్దీ, కార్తిక పౌర్ణమి నాటి సముద్ర స్నానాలే గుర్తుకు వస్తాయి. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో కొంతకాలం కాపురమున్న నాకు మాత్రం, సందర్శకులు వెళ్లిపోయాక సోమవారం ఉదయం మొదలయ్యే జీవితమే అసలైన ఆనందం. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డు చేరగానే వలల దగ్గరే చేపలు కొనుక్కోవడం, వేసవిలో గుంటూరు ఉడికిపోతున్న వేళ సముద్రం మీది నుంచి చల్లగాలి అందుకోవడం, అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లు గాలివాటం గురించి, ఆటుపోట్ల గురించి చెప్పే మాటలు వినడం పట్నంలో ఎంత ఖర్చుపెట్టినా దొరకని భాగ్యాలు.

పర్యాటకుల రాకను నేను తప్పుపట్టడం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటపై నిషేధం ఉండే రోజుల్లో తీరంలోని చిన్న దుకాణాలు కొన్ని కుటుంబాలకు ఆసరా అవుతాయి. అయితే శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకకే వస్తాయి కనుక, ఆ నెలల్లో రాత్రివేళ ఒడ్డున పెద్ద దీపాలు, వాహనాలు లేకుండా చూడాలని, కొత్త వసతి గృహాలు కట్టేటప్పుడు పడవలు నిలిపే చోటును, వలలు ఆరబెట్టే జాగాను మత్స్యకారులకే వదలాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు