రెండేళ్లు ఉంటుందన్న నలుపు తొలకరికే పోయింది: సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: కారు వీల్ ఆర్చ్‌ల (చక్రాల పైనుండే వంపు అంచుల) నల్ల ప్లాస్టిక్‌కు పాత నలుపు తిరిగి తెస్తుందంటూ అమ్మే మీ రిస్టోరర్ స్ప్రే, దానిపై మీరిచ్చిన జవాబు.

అయ్యా / అమ్మా,

మీ 250 మి.లీ. స్ప్రే సీసాను మే నెలలో ఆన్‌లైన్‌లో 849 రూపాయలకు కొన్నాను. 'ఒక్కసారి పూస్తే రెండేళ్లు కొత్త నలుపు, ఎండకైనా వానకైనా చెక్కుచెదరదు' అని మీ ప్రకటనలో తెలుగులోనే, పెద్ద అక్షరాల్లో ఉంది. జూన్‌లో తొలకరి పడేసరికి ఆ నలుపు కాస్తా కారిపోయింది. చక్రాల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మళ్లీ బూడిద రంగుకు వచ్చింది. పైగా తెల్ల పెయింటు మీద జిడ్డు చారలు మిగిలాయి.

సరుకు బాగాలేదని మీకు చెప్పి అక్కడితో వదిలేసేవాణ్ణి. దానికి మీరిచ్చిన జవాబు చూశాకే ఈ లేఖ రాయాల్సి వచ్చింది. 'పూసే ముందు సరిగా శుభ్రం చేయలేదు కాబట్టి వారంటీ వర్తించదు' అన్నారు. ఒక్క ఫొటో అయినా అడగకుండా, నేను సరిగా కడగలేదని మీకెలా తెలిసింది?

ఎలా కడిగానో వినండి. ముందు ప్రెషర్ వాషర్‌తో వీల్ ఆర్చ్ లోపలి మట్టి వదిలించాను. లోపలి అంచులో ఇరుక్కున్న బురదను తీయకుండా పైపైన రుద్దితే అది మళ్లీ మళ్లీ కారుతూనే ఉంటుందని వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్లెవరైనా చెబుతారు. తర్వాత ఆల్ పర్పస్ క్లీనర్‌ను ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, ప్లాస్టిక్ గరుకులోకి దిగేలా బ్రష్‌తో రుద్దాను. ఆ గరుకులోనే పాత వ్యాక్స్ తెల్లగా పేరుకుని ఉంటుంది. కడిగాక నీళ్లు చుక్కలుగా నిలవకుండా పల్చగా పరుచుకున్నాయి. అంటే పాత పాలిష్ మిగల్లేదన్నమాట. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, జిడ్డు తీసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అప్పుడు మీ మందు కొట్టాను. నిజానికి ఇంత శ్రమ మీరు అడగనే లేదు. సీసా మీద 'తడిగుడ్డతో తుడిచి స్ప్రే చేయండి, చాలు' అని ఉంది. అమ్మేటప్పుడు తడిగుడ్డ చాలు, వారంటీ అడిగితే చాలదు!

అసలు కారణం వేరే ఉంది. అది మీ సీసా వెనకే, పదార్థాల వరుసలో ఉంది: సిలికాన్ ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపిన సిలికాన్ నూనె. వీల్ ఆర్చ్‌ల మీది ఈ నల్ల ప్లాస్టిక్ తొడుగు (క్లాడింగ్) ఎక్కువ కార్లలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. దాని మీద పెయింటు ఉండదు, నలుపు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండ తగిలితే అతినీలలోహిత కిరణాలకు పైపొర దెబ్బతిని, కంటికి కనపడనంత సన్నగా పగిలి, తెల్లబారుతుంది. సిలికాన్ నూనె ఆ పగుళ్లలో నిండినంత కాలం నల్లగా కనిపిస్తుంది, అది కొట్టుకుపోగానే పాత రంగు బయటపడుతుంది. తలకు నూనె రాసి నెరిసిన జుట్టు నల్లబడిందని చెప్పినట్టుంది మీ 'రిస్టోరర్' అన్న పేరు.

నూనె అమ్మడం తప్పని నేననను. డ్రెస్సింగ్ (కొన్నాళ్లే నిలిచే పైపూత) అని పేరు పెట్టి, నెలకోసారి పూసుకోండని చెప్పి అమ్మితే ఎవరూ గొడవ పెట్టుకోరు. రెండేళ్లు నిలవాలంటే మాత్రం అది ఆరి గట్టిపడే కోటింగ్ అయ్యుండాలి. అలాంటిది ఒకసారి గట్టిపడ్డాక ఆల్కహాల్ గుడ్డతో తుడిచినా ఊడిరాదు. మీది వానకు ముందే, వెనక చక్రం దగ్గర ఒక మూల తుడిచి చూశాను. గుడ్డకు జిడ్డు, ప్లాస్టిక్‌కు బూడిద రంగు. ఆ ఫొటో కూడా పంపుతున్నాను. ఇక ఆ జిడ్డుకు రోడ్డు దుమ్ము అతుక్కుని, వానకు ముందే అంచులు మట్టి రంగుకు తిరిగాయి. బెజవాడ రోడ్ల సంగతి మీకు తెలియకపోవచ్చు.

నా 849 రూపాయలకన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. మీ వీడియోలో చక్రం బిగించి ఉండగానే వీల్ ఆర్చ్ లోపలికి నేరుగా స్ప్రే కొట్టి చూపిస్తున్నారు. ఆ తుంపర బ్రేక్ డిస్క్ మీద, టైరు మీద పడితే? డిస్క్‌కు సిలికాన్ అంటితే బ్రేకు పట్టు తగ్గుతుంది. స్పాంజి మీద కొట్టుకుని ప్లాస్టిక్‌కు రాయాలని, బ్రేకులకు తగలనివ్వొద్దని సీసా మీద ఒక్క ముక్క లేదు. కొన్ని కార్లలో వీల్ ఆర్చ్ లోపలి తొడుగు (లైనర్) మందపాటి ఫెల్ట్ బట్టలా ఉంటుంది, దానికిది అస్సలు కొట్టకూడదన్న మాటా లేదు. ఆ వీడియోను ముందు తీసేయండి.

ప్రకటన అడుగున సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో 'వాడే పరిస్థితులను బట్టి ఫలితం మారవచ్చు' అన్న అర్థం వచ్చే వాక్యం ఉందని మీ మెయిల్‌లో గుర్తుచేశారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో మాట ఏ భాషలో ఇస్తే దానికి పెట్టే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. తప్పుదోవ పట్టించే మాటను షరతు పెట్టి సరిదిద్దుకోవడమూ కుదరదు. తెలుగులో హామీ, ఇంగ్లిష్‌లో మెలిక అంటే ఒప్పుకోను.

నేను కోరేది ఇదీ. సీసా ధర, పెయింటు మీది చారలు తీయించడానికి కార్లు శుభ్రం చేసి మెరుగుపెట్టే డీటెయిలింగ్ షాపులో కట్టిన 600 రూపాయలు కలిపి 1,449 రూపాయలు వాపసు ఇవ్వండి. రెండేళ్ల మాట తీసేయండి. బ్రేకుల గురించి హెచ్చరిక తెలుగులో ముద్రించండి. కూపన్ ఇస్తామన్నారు, నాకు వద్దు. ఆ కూపన్‌తో మళ్లీ ఈ సీసానే కొనాలి కదా.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జత: బిల్లు, సీసా ముందు వెనక ఫొటోలు, ప్రకటన స్క్రీన్‌షాట్, కడిగినప్పటి ఫొటోలు, గుడ్డతో తుడిచిన మూల ఫొటో, డీటెయిలింగ్ షాపు రసీదు, మీ మెయిల్ ప్రతి.