తామరకు పట్టింది తామర పురుగు కాదు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ముందు మా ఊళ్లో, గుళ్లకు తామరపూలు అమ్ముకుని బతికే ఒక రైతు, ఆకుల మీద గోధుమ రంగులో గుంపులుగా పేరుకున్న పురుగును చూసి కంగారుపడి మందుల దుకాణానికి వెళ్లాడు. ‘తామరకు పురుగు పట్టింది’ అన్నాడు. ‘ఓహో, తామర పురుగా’ అంటూ దుకాణదారు ఫిప్రోనిల్ సీసా చేతిలో పెట్టాడు. మిరప ఆకులను ముడుచుకుపోయేలా చేసే తామర పురుగు వేరు. ఈ రైతు చెరువులో చేరినది పేనుబంక, అంటే ఆకు రసం పీల్చే చిన్న పురుగుల గుంపు. మూడో రోజుకు చెరువులో చేపపిల్లలు తేలాయి. పేనుబంక మాత్రం పదిహేను రోజుల్లో మళ్లీ కనిపించింది. నవ్వుకోవలసిన పొరపాటే గానీ, ఆ చెరువు తూము తెరిస్తే నీరు పంట బోదెలోకే పోతుంది. అక్కడే గేదెలు తాగుతాయి, ఇంకాస్త దిగువన రొయ్యల చెరువులకు మోటార్లు అదే నీటిని తోడతాయి.

ధవళేశ్వరం దగ్గర మొదలయ్యే కాలువల నీటితోనే ఇక్కడ వరి పండుతుంది, ఊరి మంచినీటి చెరువూ నిండుతుంది. ఆ గట్ల వెంబడే తూటికూర అల్లుకుంటుంది, తడి నేలలో చేమ పెరుగుతుంది. మెట్ట చేలో కొట్టిన మందులో కొంతైనా మట్టిలో ఆగుతుంది. నీటిలో నిలబడ్డ మొక్క మీద కొట్టినది ఆకు మీద నుంచి జారి తిన్నగా నీళ్లలోనే పడుతుంది. పైగా తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనకు సామెతలే చెబుతున్నాయి. మందు బొట్టు మాత్రం ఎలా నిలుస్తుంది? సైపర్‌మెత్రిన్ వంటి మందులు చేపలకు, రొయ్యలకు ప్రాణాంతకమని సీసా మీది చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివే ఓపిక, కళ్లద్దాలు ఎందరికి ఉన్నాయి? మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించారు. ఇక తూటికూర సంగతి చూడండి. నిన్న మందు కొట్టి, నేడు కోసి, రేపు సంతలో కట్టలు కట్టి అమ్మే పంట అది. మందు ప్రభావం పోయేదాకా ఆగే వ్యవధి అందులో ఎక్కడుంది?

పేనుబంక పద్ధతి కూడా తెలుసుకోవాలి. మన ప్రాంతంలో వీటి ఆడపురుగుకు మగపురుగుతో పని లేదు. గుడ్లు కూడా పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటుంది. పుట్టిన పిల్ల వారం పది రోజుల్లో తల్లవుతుంది. ఆకు మీద కిక్కిరిసిపోతే రెక్కలున్నవి పుట్టి పక్క చెరువుకు ఎగిరిపోతాయి. చలి దేశాల్లో తామరను, కలువను, నీటిపై తేలే అజొల్లా మొక్కను పట్టే రకం చలికాలం గడపడానికి ప్లమ్, పీచ్ వంటి చెట్లను చేరుతుంది. మన డెల్టాలో దానికి ఆ అవసరమే లేదు, ఏడాదంతా నీటి మొక్కల మీదే కాపురం. చేమకైతే ఇంకో ముప్పుంది. మొజాయిక్ వైరస్‌ను పేనుబంక ఒక మొక్క నుంచి మరో మొక్కకు అంటిస్తుంది. రసం రుచి చూసిన కొద్ది క్షణాల్లోనే ఆ పని అయిపోతుంది కనుక, మందు కొట్టి వైరస్‌ను ఆపగలమనుకోవడం భ్రమ. ఆకుల మీద ఈకల్లాంటి తెల్లటి చారలు కనిపించిన మొక్కను పీకేయాలి, దాని దుంపను విత్తనానికి ఉంచకూడదు.

ఈ రైతుకు చివరికి పనికొచ్చినది చవకైన ఉపాయమే. పురుగు కమ్మిన ఆకులను పడవలోంచి కోసి గట్టున పూడ్చాడు. మిగిలినవాటి మీద లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి, ఆకు తడిసేంత మేరకే కొట్టాడు. వేపనూనె కదా అని చెరువులో కుమ్మరించకూడదు, చేపలకు అదీ పడదు. యూరియా తగ్గించాడు, ఎందుకంటే నత్రజని మరీ ఎక్కువైన లేత ఆకంటే పేనుబంకకు విందు భోజనం. పేనుబంకను తినే అక్షింతల పురుగులను మందు కొట్టి చంపకపోతే అవే సగం పని చేస్తాయి. వాటి పిల్లపురుగు అక్షింత గింజలా ఉండదు. నల్లగా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. దాన్నే శత్రువనుకుని నలిపేసేవాళ్లను నేను కళ్లారా చూశాను (ఒకప్పుడు నేనూ నలిపినవాణ్ణే).

వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, కొవ్వూరులో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. తామర, తూటికూర, చేమలకు పేనుబంక పడితే ఏం చేయాలో, నీటిలో ఏ మందు అసలు వాడకూడదో వారు ఒక్క కాగితం మీద బొమ్మలతో తెలుగులో ముద్రించి ఇస్తే, దాన్ని ప్రతి రైతు సేవా కేంద్రం గోడకూ అంటించవచ్చు. మందుల దుకాణాల్లోనూ తప్పనిసరిగా పెట్టించాలి. ఆ కాగితంలో మొదటి వరుసగా ‘తామర పురుగు వేరు, తామర మీది పేనుబంక వేరు’ అని పెద్ద అక్షరాల్లో వేయించమని వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. వచ్చే చలికాలం మబ్బులు కమ్మేలోగా ఆ పని జరగాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కోనసీమ