ఆ నోటుపుస్తకం ఎవరి దగ్గర ఉంది?

నెల్లూరు

చి. ల. సౌ. సుజాతకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ దగ్గరనుంచి ఫోను లేక నేటికి ఐదు వారాలైంది. పనుల్లో ఉండి ఉంటావని నాన్నగారు రోజూ అంటున్నారు గాని, రాత్రి పడుకోబోయే ముందు ఆయనే నీ గదిలో లైటు వేసి ఒకసారి చూసి వస్తున్నారు. మొలగొలుకుల బియ్యం, నల్లకారం బస్సులో పంపాను. అందినట్టు కూడా నువ్వు చెప్పలేదు.

మొన్న గూడూరు మామయ్య వచ్చి, పార్టీలో నీకు పదవి ఇస్తున్నారనీ, డెలివరీ కుర్రాళ్ళ సంఘం పని నువ్వు మానుకున్నావనీ చెప్పాడు. మొదటి మాటకు నాకు సంతోషమే. రెండోది నిజమో కాదో నీ నోట వినాలని ఉంది. పోయిన ఏడాది కూకట్‌పల్లి ఫ్లైఓవరు కింద మీ ఆదివారం సమావేశానికి నన్ను తీసుకువెళ్ళావు. ఒక అబ్బాయి బండి దిగకుండానే, ఆర్డరు వస్తుందేమోనని ఫోను వంక చూసుకుంటూనే, కంపెనీవాళ్ళు యాప్‌లో తన ఐడీ ఎలా ఆపేశారో చెప్పాడు. నువ్వు అది నోటుపుస్తకంలో రాసి, అతనిచేత చదివించి, సంతకం పెట్టించావు. ఆ పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

ఇంటి సంగతులు రాద్దామని కూర్చున్నాను. పెరట్లో వేపకొమ్మ కొట్టించాము. అటక మీది ట్రంకుపెట్టె దించి సర్దుతుంటే పెద్దవాళ్ళకు చదువు నేర్పిన అక్షరదీపం రోజుల నాటి నా హాజరు పట్టీ దొరికింది. 1992లో అమ్మమ్మగారి ఊళ్ళో నేను రాత్రిబడి నడిపేదాన్ని. లాంతరు చుట్టూ ఇరవై రెండు మంది ఆడవాళ్ళు కూర్చునేవారు. పగలంతా నాట్లు వేసి వచ్చేవారు కాబట్టి పలక పట్టుకుంటే గోళ్ళ సందున బురద కనిపించేది. ఒకనాడు సారా గురించిన పాఠం అయ్యాక వెంకమ్మ అవ్వ పలక కింద పెట్టి, ‘‘మన ఊళ్ళో తాగేనీళ్ళకు దిక్కులేదు గదమ్మా, సారా ప్యాకెట్లు మాత్రం తెల్లారేసరికి ఎట్లా వస్తుండాయి?’’ అని అడిగింది. మన జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో రోసమ్మ, తోటివాళ్ళు సారా దుకాణం మూయించారన్న కబురు అప్పటికే మాకు చేరింది. మరునాడు మావాళ్ళు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా జీపుకు అడ్డంగా కూర్చున్నారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో రాత్రే తేల్చుకున్నారు. ఇంటికి పోతే దెబ్బలు పడతాయని భయం లేనివాళ్ళు ముందు, చంటిబిడ్డల తల్లులు వెనక. కూలి పోగొట్టుకున్న వాళ్ళకు తక్కినవాళ్ళు తలా గుప్పెడు బియ్యం వేసేవారు. మూడు వారాలపాటు ఆ వంతులు ఒక్కరోజు కూడా తప్పలేదు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం మాటిచ్చి గెలిచి, 1995 జనవరిలో అమలు చేశారు. అంతకు పదేళ్ళ ముందు వారుణివాహిని పేరుతో ఊరూరా సారా చేర్చింది కూడా ఆయన ప్రభుత్వమే. ఆయనను మార్చింది ఎవరో నీకు నేను చెప్పనక్కరలేదు. అయితే చట్టం వచ్చింది కదా అని మేము ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాము. నేను పెళ్ళి చేసుకుని వచ్చేశాను, బడి మూతపడింది, పొదుపు సంఘాల్లో చేరినవాళ్ళు వాయిదాల లెక్కల్లో పడిపోయారు. 1997లో నిషేధం సడలించి సీసాల దుకాణాలు మళ్ళీ తెరిచినప్పుడు, నిన్ను ఎత్తుకుని నేను పుట్టింట్లోనే ఉన్నాను. వెంకమ్మ అవ్వ వచ్చి గడప మీద కూర్చుని, ‘‘ఇప్పుడు ఎవురిని పిలవాలమ్మా?’’ అని అడిగింది. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరి పేరైనా నేను చెప్పలేకపోయాను.

నీకు పాఠాలు చెప్పకూడదనే అనుకున్నాను గాని ఆగలేకపోతున్నాను. పేదల పక్షమని చెప్పుకునే పార్టీలు ఇప్పుడు ఎన్నికల ముందు గ్యారంటీ కార్డులు పంచుతున్నాయి, జనం లబ్ధిదారుల జాబితాలో తమ పేరు చూసుకుని ఇంటికి పోతున్నారు. ఆ డబ్బు అక్కరలేదని నేను అనను. కాని జాబితాలో పక్కపక్కన ఉన్న ఇద్దరికి ఒకరి ముఖం ఒకరికి తెలియకపోతే, రేపు ఆ పేర్లు కొట్టేసినప్పుడు అడిగేవారు ఎవరు? రాజస్థాన్‌లో అరుణా రాయ్‌గారు, తోటివారు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని కూలీల, రైతుల సంఘం పెట్టి, సర్కారు లెక్కలు జనానికి చూపాలని 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నాలో కూర్చున్నారు. 2004లో కేంద్ర ప్రభుత్వం తన సలహా మండలిలోకి పిలిస్తే ఆమె వెళ్ళారు, అయినా సంఘాన్ని వదలలేదు. మరుసటి ఏడాదే సమాచార హక్కు, ఉపాధి హామీ చట్టాలు వచ్చాయి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీని మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. 2023లో మీ డెలివరీ కుర్రాళ్ళలాంటి గిగ్ కార్మికులకు దేశంలో మొదటి చట్టం చేసింది కూడా ఆ రాజస్థానేనని, ఏడాది చివర ప్రభుత్వం మారాక అది చాలాకాలం ముందుకు కదలలేదని నాకు చెప్పింది నువ్వే కదమ్మా.

కాబట్టి పదవి వద్దని నేను అనడం లేదు, తీసుకో. ఆదివారం పొద్దున ఆ రెండు గంటలు మాత్రం ఎవరికీ ఇవ్వకు. నువ్వు వెళ్ళలేని వారం పుస్తకం ఎవరు రాస్తారో ముందే అనుకుని, కనీసం ఇద్దరు ముగ్గురికి ఆ పని నేర్పు. మామయ్య చెప్పింది అబద్ధమైతే ఆ ఒక్క ముక్క ఫోనులో చెప్పు, నిజమైతే నేనే బయలుదేరి వస్తాను.

రాత్రిళ్ళు స్కూటీ మీద వానలో తిరుగుతున్నావని పిన్ని చెప్పింది. రెయిన్‌కోటు కొన్నావా? దగ్గు తగ్గిందా? బియ్యంలో వేపాకు వేసి ఉంచు, పురుగు పట్టదు.

ఆశీస్సులతో,
అమ్మ