మూలం పోయినా నకలు మిగలాలి

సంపాదకులకు,

రాతప్రతుల నకళ్లకు ప్రజాధనం వెచ్చించడం దండగని, అసలు ప్రతిని భద్రంగా దాస్తే చాలునని మీ పత్రికలో ఇటీవల ఒక పాఠకుడు రాశారు. అసలు ప్రతి ఒక్కటైనా మిగలకున్నా నకళ్ల పుణ్యమా అని బతికిన సంగీతం యూరప్‌లో ఉంది కనుక ఆ వాదనను ఒప్పుకోలేకపోతున్నాను.

ఆ సంగీతం కూర్చిన ఇటలీ స్వరకర్త డొమెనికో స్కార్లాట్టి 1685లో నేపుల్స్‌లో పుట్టాడు. పేరొందిన స్వరకర్తలు బాఖ్, హాండెల్ పుట్టిందీ ఆ ఏడాదే. ఒపెరాలకు, అంటే పాటలతో నడిచే నాటకాలకు, పేరుపడ్డ తండ్రి అలెస్సాండ్రో బాటలోనే కొంతకాలం నడిచి, రోమ్‌లో కొలువు చేసి, 1719లో లిస్బన్ చేరి, పోర్చుగల్ రాజకుమారి మరియా బార్బరాకు గురువయ్యాడు. 1729లో ఆమె స్పెయిన్ యువరాజును పెళ్లాడి వెళ్లినప్పుడు తానూ వెంట వెళ్లి, 1757లో మాడ్రిడ్‌లో కన్నుమూసేదాకా ఆమె కొలువులోనే ఉండిపోయాడు. మెట్టు నొక్కగానే లోపలి ములుకు తీగను మీటే హార్ప్సికార్డ్ కోసం ఆయన కూర్చిన సొనాటాలు, అంటే పాట లేకుండా వాద్యం మీదే వాయించే రచనలు, సుమారు 555. చేతులు ఒకదాన్నొకటి దాటుతూ వాయించే ఆ రచనల్లో స్పెయిన్ గిటార్ చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంత సంపదలో 1738లో లండన్‌లో అచ్చువేయించినవి 30 మాత్రమే.

తక్కినవాటికి ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి ఒక్కటి కూడా దొరకలేదు. రాణి అయిన ఆ శిష్యురాలి కోసం లేఖకులు తయారుచేసిన 15 సంపుటాలు ఆమె మరణానంతరం ఆస్థాన గాయకుడు ఫరినెల్లికి దక్కి, చివరకు వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయానికి చేరాయి. మరో 15 సంపుటాలు ఇటలీలోనే పార్మా నగరంలో ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే లేఖకుల పొరపాట్లు బయటపడతాయి. నకలులో స్వరకర్త చేసిన కొట్టివేతలు కనిపించవు, ఏ రచన ముందుదో తేలదు; ఆ లోటు నిజమే. కానీ ఆ నకలు కూడా లేకపోతే చర్చించడానికే ఏమీ ఉండేది కాదు.

రాగిరేకుల మీదికి ఎక్కించకపోతే అన్నమయ్య సంకీర్తనలు మనకు వేలల్లో దక్కేవా? మన విద్వాంసుల ఇళ్లలో పురుగుపడుతున్న స్వరాల పుస్తకాలకు ఆపాటి ఆదరణైనా లేదు. ప్రభుత్వ రాతప్రతుల గ్రంథాలయాలు వాటిని సొంతదారుల దగ్గరే ఉండనిచ్చి, అక్కడికే వెళ్లి నకళ్లు తీసి, ఒక్కో పుస్తకం నకళ్లను రెండు వేర్వేరు ఊళ్లలో ఉంచి, రుసుము లేకుండా చూడనివ్వాలి. రానున్న బడ్జెట్‌లో సాంస్కృతిక శాఖలు ఇందుకు విడిగా నిధులు కేటాయించాలని రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సంగీత విద్యార్థి,
రాజమహేంద్రవరం