ఫిబ్రవరి కో తావ్ బ్యాచ్: బీమా మారింది, స్కూటీ బంద్

అన్నలకు, అక్కలకు నమస్తే. ఫిబ్రవరిల థాయ్‌లాండ్ కో తావ్‌కు డైవింగ్ కోర్సు కోసం పేర్లిచ్చిన పద్నాలుగు మందిల అయిదుగురు పోయిన వారం అడ్వాన్సు వాపస్ అడిగిండ్రు. కారణం మన నల్లగొండ వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతున్న ‘డెత్ ఐలాండ్’ (చావుల దీవి) వీడియో, కో తావ్ పోయిన టూరిస్టులు చనిపోతున్నరని చెప్పేది. అయిదుగురికీ పూర్తి పైసలు అదే రోజు వేసినం. ఉన్న తొమ్మిది మందికీ, వచ్చే బ్యాచ్ గురించి అడుగుతున్నోళ్లకూ సంగతి సక్కగ చెప్పాలె కాబట్టి ఇది.

వీడియో మొత్తం అబద్ధం కాదు. 2014 సెప్టెంబరుల కో తావ్ సైరీ బీచ్ మీద ఇద్దరు బ్రిటిష్ టూరిస్టులు హత్యకు గురైండ్రు. మయన్మార్ నుంచి పనికొచ్చిన ఇద్దరికి 2015 డిసెంబరుల మరణశిక్ష పడ్డది, 2020ల అది జీవితఖైదు అయింది. దర్యాప్తు సరిగ్గ జరగలేదని అప్పుడూ అన్నరు, ఇప్పుడూ అంటున్నరు. తర్వాతి ఏండ్లల్ల అక్కడ ఇంకొందరు విదేశీయులు చనిపోతే పోలీసులు చెప్పిన కారణాలను కొన్ని కుటుంబాలు ఒప్పుకోలే. ‘డెత్ ఐలాండ్’ అన్నది బ్రిటన్ పత్రికలు అంటించిన పేరు. 2018ల ఆ దీవిల అత్యాచారం జరిగిందన్న ఆరోపణను ఫేస్‌బుక్‌ల షేర్ చేసినోళ్ల మీదనే థాయ్ పోలీసులు వారెంట్లు తీసిండ్రు. అందుకని అక్కడ ఏదన్న జరిగితే ముందు మాకు, టూరిస్టు పోలీసుకు, బ్యాంకాక్‌ల మన ఎంబసీకి చెప్పుండ్రి. ఫేస్‌బుక్‌ల రాసుడు ఇల్లు చేరినంక.

ఇదంతా తెలిసే బ్యాచ్ రద్దు చేస్తలేం. 21 చదరపు కిలోమీటర్ల ఆ దీవికి ఏటా వేలల్ల మంది కోర్సుకే వస్తరు. భయపడాల్సినవి ఉన్నయి, కాని ఆ వీడియోల చూపించినవి కావు.

ఇగ బీమా. టికెట్లు, రూములు, బీమా అన్నీ హైదరాబాద్ ఏజెంటు ఒకాయన దగ్గర తీస్కుంటుంటిమి. ‘స్కూబా కవర్ అయితది’ అని, అంటే సిలిండర్ గాలితోని చేసే డైవింగుకు బీమా ఉంటదని, నోటితోని చెప్పిండు, బిల్లుల కూడ రాసిచ్చిండు. పాలసీ 34 పేజీలు. మొదటి రెండు పేజీలల్ల డాలర్ల అంకెలు పెద్ద పెద్ద అక్షరాలల్ల మెరుస్తయి. మినహాయింపులు 21వ పేజీల, చీమ తలకాయంత అక్షరాలల్ల: అడ్వెంచర్ స్పోర్ట్స్, దాని కింద పారాగ్లైడింగు, బంగీ జంపు, శ్వాస పరికరంతోని నీళ్లల్ల మునుగుడు. అంటే బ్యాగు పోతే పైసలొస్తయి, నీళ్లల్ల మనిషికి ఏమన్న అయితే రూపాయి రాదు. అడిగితే ఆయన జవాబు: ‘ఇన్నేండ్లల్ల ఎవ్వరు క్లెయిమ్ చెయ్యలే కద!’ ఆ మీదికెల్లి ఇంకోటి: ‘అయినా నల్లగొండోళ్లకు సాగర్ల బోటింగ్ సరిపోదా?’ ఆయనతోని లెక్క అక్కడికే కత్తిరించినం. రూముల మీద దొరికే తగ్గింపు కూడ దాంతోనే పోయింది. పోనీ.

ఈ కాయితానికి ఇంత గొడవ ఎందుకంటే: లోతుల ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లకు ఇంకుతది. జల్ది పైకొస్తే అది సోడా సీస మూత తీసినట్టు బుడగలు కడతది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి కాళ్లు చేతులు పడిపోవుడు. దానికి మందు గోళీ కాదు, ఒత్తిడి పెంచిన ఛాంబర్ల పండబెట్టి ఆక్సిజన్ ఇచ్చుడు. ఒక్క విడతే దాదాపు అయిదు గంటలు, కొందరికి విడతలు ఎక్కువే పడతయి. ఆ బిల్లు చేతి నుంచి కట్టేది కాదు.

కొత్త పాలసీ డైవర్ల కోసమే ఉన్నది. మూడు లైన్లు వెతికి, దొరికినంకనే తీసినం. లోతు: ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుకు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌కు 30. ఇంకా సర్టిఫికెట్ రాని, నేర్చుకుంటున్న మనిషికి వర్తిస్తదా? ఛాంబరు, తరలింపు ఖర్చు ఆసుపత్రికి నేరుగ కడతరా, మనం కట్టి తర్వాత అడుక్కోవాలెనా? మనిషికి 2,600 రూపాయలు ఎక్కువైంది. మొత్తం మీ మీద వేద్దామా, మేమే మింగుదామా అని వారం రోజులు లెక్క వేసినం, చివరికి సగం సగం. కష్టమనిపిస్తే చెప్పుండ్రి, కాని పాత బీమాతోని మాత్రం ఎవ్వరిని నీళ్లల్లకు దింపం.

మెడికల్ ఫారంల ఉబ్బసం, బీపీ, చెవి ఆపరేషన్ దాచిపెడితే ఈ పాలసీ కూడ పనిచెయ్యది. ‘అవును’ అని రాసి డాక్టరు సంతకం తెచ్చుకుంటే చాలు.

స్కూటీ బంద్. దీనికే ఎక్కువ మంది కోపానికొస్తున్నరు. కో తావ్ల రోడ్లు నిట్టనిలువు గడ్డలు, మూలమలుపుల మీద ఇసుక. కిరాయికిచ్చేటోళ్లు పాస్‌పోర్టు పట్టుకుంటరు, తెచ్చిచ్చేటప్పుడు పాత గీతను కొత్తదని చూపెట్టి పైసలడిగే దందా ఉన్నది. మన లైసెన్సు ఒక్కటే నడవది, ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలె, దాంట్ల మోటర్‌సైకిల్ ఉండాలె. కారు లైసెన్సు మీద తీసిన పర్మిట్‌తోని స్కూటీ నడిపి పడితే బీమా చేతులెత్తుతది. బ్యాచ్‌తోని ఉన్నన్ని రోజులు పికప్ ట్యాక్సీలే. వాదన వద్దు, అడ్వాన్సు వాపస్ ఇస్తం గని ఈ రూల్ మారది.

రూములు సైరీ నుంచి దక్షిణం దిక్కు చలోక్ బాన్ కావ్‌కు మార్చినం, బార్ల గోల తక్కువ. రాత్రి ముగ్గురు కలిసి పోవుడు, ముగ్గురు కలిసి వచ్చుడు, పదిన్నరకు గ్రూపుల మెసేజ్. అక్కడ చిన్న ప్లాస్టిక్ బకెట్ల విస్కీ, సోడా, ఎనర్జీ డ్రింకు కలిపి స్ట్రాలు పెట్టి ఇస్తరు. ఎవరు ఏం కలిపిండ్రో తెల్వది, ముట్టొద్దు. మూత మీ ముంగట తీసిన సీస వేరే ముచ్చట, అదైనా తెల్లారి డైవ్ లేనప్పుడే. పాస్‌పోర్టు రూములనే తాళం కింద, జేబుల ఫొటోకాపీ. ఫోన్ల ఈ నంబర్లు: టూరిస్టు పోలీసు 1155, అంబులెన్సు 1669.

పడవ మీద ఇప్పటిదాక తలలు లెక్కపెట్టేది. ఇగ పేర్లు పిలుస్తం, దిగే ముందు ఒకసారి, ఎక్కినంక ఒకసారి. ఎవరి పేరుకు వాళ్లే పలకాలె, పక్కోడు పలికితే చెల్లది. సిలిండర్ తెరిచినంక గేజి ముల్లు 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉండాలె. నాలుగు శ్వాసలు తీస్కుంట ముల్లు చూడుండ్రి: శ్వాస శ్వాసకు అది కిందికి ఊగితే వాల్వు పూర్తిగ తెరవలేదన్నట్టు. నూనె వాసనొస్తే ఆ సిలిండర్ పక్కకు. 50 బార్ ఉండంగనే పడవ మీద ఉండాలె. బెండ్లు కట్టుకొని బాయిల ఈత నేర్చినోళ్లకు ఒక హెచ్చరిక: మీకు ఊపిరి బిగబట్టుడు అలవాటు, ఇక్కడ అదే ముప్పు. సిలిండర్ గాలి పీల్చి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులల్ల గాలి ఉబ్బి చిరుగుతది.

ఆ నైట్రోజన్ బుడగల ముప్పు విమానంల కూడ ఉంటది కాబట్టి చివరి డైవ్‌కూ విమానానికీ నడుమ 18 గంటలు ఉండేటట్టు టికెట్లు మార్చినం, అందుకే తిరుగు ప్రయాణం ఒక రోజు వెనుకకు పోయింది.

ఆదివారం పొద్దున 10 గంటలకు క్లాక్ టవర్ దగ్గరి షాపుల పాత పాలసీ 21వ పేజీ, కొత్త పాలసీ రెండూ ప్రింటు తీసి టేబుల్ మీద పెడతం. ఇంటోళ్లను తీస్కరాండ్రి. వీడియో పంపిన మేనమామను కూడ.