పెత్తనం అడగని సాయానికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా కాలేజీ సర్వర్లు రెండూ ఇప్పుడు ఆల్మాలైనక్స్ 9 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తున్నాయి. ఫీజుల రికార్డులు, లైబ్రరీ లెక్కలు, పిల్లలు అసైన్‌మెంట్లు పెట్టే మూడుల్ అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చేశాయి. ఒక్క రసీదు కూడా పోలేదు. సాయం చేసినవాళ్లకు ఎవరికి వాళ్లకు మెసేజ్ పెట్టాను గానీ, నలుగురి ముందూ చెప్పకపోతే నాకు మనసొప్పడం లేదు. మీ పేర్లు రాయొద్దని మీలో కొందరు ముందే అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం కాస్త ముందు సంగతి. మాది గోదావరి పక్కన ఒక మామూలు డిగ్రీ కాలేజీ. సర్వర్లు రెండూ సెంటోస్ 7 అనే పాత ఉచిత లైనక్స్ మీద ఉండేవి. దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోతాయని అందరికీ ఎప్పటినుంచో తెలుసు, అందులో ఎవరి తప్పూ లేదు. కొత్త సర్వర్‌కు డబ్బు మంజూరు కాలేదు, పాతవాటితోనే నెట్టుకు రావాలి. జులైలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించబోతే, వాటిని తెచ్చిపెట్టే యమ్ అనే ప్రోగ్రాం ససేమిరా అంది. మిర్రర్ల (ప్యాకేజీల కాపీలు ఉంచే సర్వర్ల) జాబితా ఇచ్చే అడ్రసే లేదని ఎర్రర్. అడ్మిషన్ల సీజన్, కౌంటర్ ముందు తల్లిదండ్రుల క్యూ, లోపల అప్‌డేట్లు లేని సర్వర్‌లో వాళ్ల పిల్లల వివరాలు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

సాయం కావాలని అడిగిన రాత్రే పలికింది హైదరాబాద్‌లో ఉండే ఒక అన్న. పగలంతా తన ఉద్యోగం తను చేసుకుని, రాత్రి మా కోసం కూర్చునేవాడు. ముందు ఆల్మా వాళ్లు దాచి ఉంచిన సెంటోస్ 7 రిపోల (ప్యాకేజీల గిడ్డంగుల) అడ్రసు పెట్టించాడు, యమ్ మళ్లీ కదిలింది. ఆ తర్వాత ఎలివేట్. సెంటోస్ 7ను చెరిపేయకుండా, ఉన్నచోటనే ముందు 8కి, అక్కణ్నుంచి 9కి తీసుకెళ్లే పరికరం అది. 2021 నుంచీ ఆల్మా వాళ్లు దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. ఆల్మాకే రావాలన్న షరతు కూడా ఏమీ లేదు, రాకీ లైనక్స్ అనే మరో ఉచిత లైనక్స్‌కు వెళ్లేవాళ్లకూ అదే పనికొస్తుంది.

ఎలివేట్ అసలు పనిలోకి దిగేముందు లీప్ ప్రీఅప్‌గ్రేడ్ అని ఒక తనిఖీ చేస్తుంది. ఏవి అడ్డొస్తాయో ఒక రిపోర్టులో రాసిపెడుతుంది. మా రిపోర్టులో వచ్చిన అడ్డంకుల్లో ఒకటి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) సెట్టింగుల్లో రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్, లాగిన్ గురించిన లైను విడిగా రాసి లేదని. వెతికితే ఒక్క లైను కలిపే కమాండ్ ఎక్కడైనా దొరుకుతుంది. అన్న మాత్రం, "అదెందుకు అడుగుతోందో తెలీకుండా కొట్టకు తమ్ముడూ" అన్నాడు. 7లో ఆ లైను లేకపోయినా పాస్‌వర్డుతో రూట్‌గా లోపలికి రానిస్తుంది. 8లో అలా రానివ్వదు. అంటే అప్‌గ్రేడ్ అంతా సవ్యంగా అయ్యాక, ఇంటి నుంచి లాగిన్ అవబోయిన నేను నా సర్వర్ బయటే నిలబడాలి. ముందు మామూలు యూజర్‌కు కీ (పాస్‌వర్డుకు బదులు వాడే ఫైలు) పెట్టించి, రూట్ పనులు చేయనిచ్చే సుడో పనిచేస్తోందని చూసుకున్నాకే ముందుకు కదలనిచ్చాడు. పాత స్మార్ట్‌కార్డ్ మాడ్యూల్ తీసేయడానికి ఒప్పుకుంటారా అన్న ప్రశ్నకు జవాబు కూడా నాతోనే చదివించి, నాతోనే రాయించాడు. చేసిపెట్టి పోతే అరగంట పని. నేర్పించాలనుకున్నాడు కాబట్టి అంతసేపు కూర్చున్నాడు. అన్నా, ఆ ఓపికకు నేనేం ఇచ్చుకోగలను?

రెండో సర్వర్ కథ వేరు. అది చాలా ఏళ్ల నాటిది. దానిలో పోగైన పాత ప్యాకేజీలు చూసి, డేటా అంతా బయటి డిస్కులోకి తీసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలనుకున్నాం. నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఆల్మా 9.3 ఉంది. దానితో బూట్ చేస్తే అన్నీ బాగానే వచ్చాయి, డిస్కులు ఎంచుకునే చోటికొచ్చేసరికి అక్కడ ఒక్క డిస్కూ లేదు. పచ్చ లైట్లు వెలుగుతూ కళ్లెదురుగా తిరుగుతున్న డిస్కులు ఇన్‌స్టాలర్‌కు కనిపించడం లేదు. డిస్కులను నడిపే రెయిడ్ కార్డ్ చచ్చిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు పలికింది డల్లాస్‌లో ఉండే ఒక అక్క. మాకు సాయంత్రం అంటే ఆవిడకు తెల్లవారుజాము. ఎల్‌ఎస్‌పీసీఐ (మెషీన్‌లోని కార్డుల జాబితా చూపేది) కమాండ్ నంబర్లతో సహా కొట్టి, వచ్చింది పంపమన్నారు. అందులో ఒక్క లైను చూసి విషయం చెప్పేశారు. "కార్డు బాగానే ఉందండి. మీది పాత హెచ్‌పీఎస్‌ఏ రకం. డ్రైవర్ ఉంది గానీ అది గుర్తుపట్టే జాబితాలోంచి మీ కార్డు నంబరు తీసేశారు. 9.4లో ఆల్మా వాళ్లు మళ్లీ చేర్చారు, అది దింపుకోండి." దింపాను. అదే మెషీన్, అవే కేబుళ్లు. 9.4 ఇన్‌స్టాలర్‌లో డిస్కులు వరసగా కనిపించాయి. సర్వర్ రూములో నేనూ మా అటెండర్ గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయనకు డ్రైవర్ల సంగతి తెలియదు, నా మొహం చూసి పని అయిందని గ్రహించి వెళ్లి టీ తెచ్చారు.

ఇక్కడ కాస్త ఆగి ఒక విషయం చెప్పాలి, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. ఆ నంబరు తిరిగి చేరడం ఎవరో ఒక ఇంజినీరు సరదాకి చేసిన పని కాదు. దాని వెనక ఒక బోర్డు తీసుకున్న నిర్ణయం ఉంది. 2023 జూన్ 21న రెడ్ హ్యాట్ కంపెనీ, ఇకపై తను అమ్మే లైనక్స్ అయిన ఆర్‌హెచ్‌ఈఎల్‌కు సంబంధించిన సోర్స్ కోడ్ బయటికి, దానికి ముందు రూపమైన సెంటోస్ స్ట్రీమ్ ద్వారా మాత్రమే వస్తుందని ప్రకటించింది. అప్పటిదాకా ఆల్మా పెట్టుకున్న లక్ష్యం ఆర్‌హెచ్‌ఈఎల్‌కు అచ్చుగుద్దినట్టు ఉండటం. అచ్చుగుద్దినట్టు ఉండాలంటే అవతల తీసేసిన డ్రైవర్ ఇవతలా ఉండకూడదు. ఆ ఏడాది జులై 13న ఆల్మాలైనక్స్ ఫౌండేషన్ బోర్డు ఆ లక్ష్యాన్ని మార్చుకున్నట్టు చెప్పింది. అప్లికేషన్లు ఏ తేడా లేకుండా నడిచేంత పొందిక ఉంటే చాలు, లోపల ప్రతి అక్షరం ఒకేలా ఉండనక్కర్లేదు అనుకున్నారు. అప్పుడు చాలామంది పెదవి విరిచారు. కానీ ఆ నిర్ణయం వల్లే తర్వాతి మేలో 8.10, 9.4లలో పాత స్టోరేజ్ కార్డులకు, పాత నెట్‌వర్క్ కార్డులకు మళ్లీ చోటు దొరికింది. కొత్త మెషీన్ కొనలేని మా లాంటివాళ్లు బతికిపోయారు. ఆ బోర్డుకూ, దానికి అధ్యక్షురాలిగా ఉండి ఆ గడ్డు రోజుల్లో ప్రతి ప్రశ్నకూ ఓపిగ్గా జవాబిచ్చిన బెన్నీ వాస్క్వెజ్ గారికీ నా నమస్కారాలు. మా కాలేజీ పేరు వాళ్లు విని ఉండరు, అయినా ఆ నిర్ణయం మా దాకా వచ్చింది.

మా ప్రిన్సిపాల్ గారిని ఒప్పించడం మరో ఘట్టం. ఆయన అడిగింది ఒకటే మాట. "ఇదీ ఫ్రీయే అంటున్నావు. రేపు వీళ్లూ ఆపేస్తే ఎవరిని పట్టుకోవాలి?" ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8ని 2021 చివరికల్లా ముగిస్తామని 2020 డిసెంబరు 8న ప్రకటన వచ్చిన సంగతి ఆయనకూ ఎవరో చెప్పారు. 2014లోనే సెంటోస్ రెడ్ హ్యాట్ గొడుగు కిందికి చేరింది, కాబట్టి ఆ నిర్ణయం తీసుకునే అధికారం వాళ్లకుంది. వాడేవాళ్లకు మాత్రం ఆ బల్ల దగ్గర కుర్చీ లేకపోయింది. ఇందులో రెడ్ హ్యాట్ ఇంజినీర్లను నేనేమీ అనను. కెర్నెల్ నుంచి ఎలివేట్‌కు ఆధారమైన లీప్ దాకా మూలంలో చాలా పని వాళ్లదే, ఈ కృతజ్ఞతల్లో వాళ్లకూ భాగం ఉంది.

హైదరాబాద్ అన్న ఫోన్‌లోనే ప్రిన్సిపాల్ గారితో మాట్లాడారు. ఆల్మా పుట్టుకే సెంటోస్ ప్రకటన వచ్చిన ఆ డిసెంబరులో. క్లౌడ్‌లైనక్స్ అనే కంపెనీ ముందుకొచ్చి, ఏటా పది లక్షల డాలర్లు పెడతామంది. 2021 మార్చి 30న మొదటి స్థిరమైన వెర్షన్ విడుదలైంది. వాళ్ల వ్యాపారానికీ అలాంటి పునాది అవసరమే, ఆ మాట వాళ్లేమీ దాచలేదు. నాకు గొప్పగా అనిపించింది ఆ తర్వాత చేసిన పని. డబ్బు పెట్టినవాళ్లే పగ్గాలు కూడా పట్టుకోకుండా, లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్ పెట్టి ప్రాజెక్టును దాని చేతికి అప్పగించారు. 2022లో సభ్యులు ఓట్లేసి బోర్డును ఎన్నుకున్నారు. సభ్యత్వం డబ్బిచ్చే స్పాన్సర్లకే పరిమితం కాదు. పనిచేసే వ్యక్తులూ చేరొచ్చు, మిర్రర్ నడిపే సంస్థలూ చేరొచ్చు. మైక్రోసాఫ్ట్, ఏఎండీ లాంటి పెద్ద కంపెనీలు కూడా తర్వాత వచ్చి చేరాయి, కాబట్టి బరువు ఒక్కరి భుజం మీదే లేదు. సాంకేతిక నిర్ణయాలు చర్చించడానికి 2024లో అల్‌ఎస్కో అని ఇంజినీరింగ్ కమిటీ కూడా విడిగా ఏర్పాటు చేసుకున్నారు.

మన ఊళ్లలో గుడికి గంట కొనిచ్చి ధర్మకర్తల మండలిలో చోటు అడిగేవాళ్లను చూస్తూనే ఉంటాం. అలాంటిది ఏటా కోట్ల రూపాయలు ఇస్తూ, పెత్తనం నలుగురికీ పంచడమంటే చిన్న విషయం కాదు. క్లౌడ్‌లైనక్స్ వాళ్లకు, దాన్ని స్థాపించిన ఇగోర్ సెలెత్‌స్కీ గారికి అందుకే ప్రత్యేకంగా ధన్యవాదాలు చెబుతున్నాను.

ప్రిన్సిపాల్ గారు మొత్తం విని, "ఇంకెవరు వాడుతున్నారు?" అన్నారు. జెనీవా దగ్గరి సెర్న్, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే ఫిజిక్స్ పరిశోధన కేంద్రాలు కలిసి 2022 డిసెంబరులో తమ ప్రయోగాలకు ఆల్మానే ప్రామాణికంగా పెట్టుకున్నట్టు ప్రకటించాయని అన్న చెప్పారు. సెర్న్ పేరు వినగానే మా సార్ కుర్చీలో ముందుకు జరిగారు, ఆయన ఫిజిక్స్ మాస్టారు మరి. సంతకం ఆ సాయంత్రమే అయింది.

ఇంకా చెప్పాల్సినవాళ్లున్నారు. మన దేశంలో మిర్రర్లు నడిపేవాళ్లు. మీ పేరు ఎవరికీ గుర్తుండదు, మా ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఫైలు) మాత్రం భోజనానికి వెళ్లొచ్చేలోపు దిగిపోయింది. ఎలివేట్ డాక్యుమెంట్లు రాసినవాళ్లు, ముఖ్యంగా ఏది పనిచేయదో కూడా దాచకుండా రాసినవాళ్లు. పక్క దారిలో అదే కష్టం పడుతున్న రాకీ లైనక్స్ మిత్రులు, మీ దగ్గర దొరికిన ఒక జవాబు మా డేటాబేస్ చిక్కు విప్పింది. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మాకు మొదట లైనక్స్ చేతిలో పెట్టిన స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ కార్యకర్తలు, ఆ శిబిరాలు లేకపోతే నేను ఈ పనిలోకే వచ్చేవాణ్ని కాదు. అప్‌గ్రేడ్ సాగుతుండగా కరెంటు పోతే జనరేటర్ దగ్గరే కాపు కాసిన మా ఎలక్ట్రీషియన్ గారు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మాటతో సరిపెట్టే ఉద్దేశం లేదు. మిర్రర్ పెట్టేంత ఇంటర్నెట్ లైను మా దగ్గర లేదు, ఉన్నది మా పాత మెషీన్లే. అందుకని డల్లాస్ అక్క సలహా మీద ఒకటి మొదలుపెట్టాం. ఇలాంటి పాత కార్డుతో స్టోర్ రూములో పడి ఉన్న మరో సర్వర్‌ను బయటికి తీశాం. ఆల్మా కొత్త బీటా (విడుదలకు ముందు పరీక్షకిచ్చే వెర్షన్) వచ్చినప్పుడల్లా మా కంప్యూటర్స్ పిల్లలు దాని మీద ఇన్‌స్టాల్ చేసి, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని ఇంగ్లీషులో రిపోర్టు రాసి పంపుతారు. 2025 మేలో వచ్చిన ఆల్మా 10కి పాత ప్రాసెసర్ల కోసం విడిగా ఒక బిల్డ్ ఇచ్చారు కదా, దాన్ని కూడా అందులో ఎక్కించి చూశారు. రిపోర్టులు పంపిన పిల్లల్లో ఇద్దరు సభ్యత్వానికి దరఖాస్తు చేయడానికి సిద్ధమవుతున్నారు. వాళ్ల ఓటు వాళ్లు సంపాదించుకుంటున్నారు, అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకా సెంటోస్ 7 మీదే నెట్టుకొస్తున్న కాలేజీలు, లైబ్రరీలు, చిన్న ఆసుపత్రులు ఉన్నాయని నాకు తెలుసు. మీ లీప్ రిపోర్టు, ఎల్‌ఎస్‌పీసీఐలో వచ్చింది నాకు పంపండి. పాస్‌వర్డులు మాత్రం పంపొద్దు. శనివారం మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, నేనూ మా పిల్లలూ కూర్చుని చూస్తాం. మాకు తెగకపోతే ఎవరిని అడగాలో ఇప్పుడు మాకు తెలుసు.